బిడ్డకు తొలి ఏడాది వైద్యం: అమెరికాలో మేలా, బరంపురంలో మేలా?

ఈ ఏడాదిలో నన్ను ఒడిశాలోని మా బరంపురంలో ఈ ప్రశ్న అడిగినవారు అరడజను మందికి తక్కువ ఉండరు. అమెరికాలో ఉన్న కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయి. పురుడు అక్కడే పోసుకోమనాలా, ఇక్కడికి రమ్మనాలా, పుట్టిన బిడ్డకు ఆ తొలి ఏడాది వైద్యం ఎక్కడ చేయించడం మంచిది అని. నన్నే అడగడానికి కారణం ఉంది. మా కోడలు టెక్సాస్ నుంచి ఏడో నెలలో వచ్చి ఇక్కడే కని, బిడ్డకు ఆరు నెలలు నిండాక తిరిగి వెళ్లింది. మా వియ్యాలవారిదీ ఈ ఊరే కావడంతో ఆ ఆరు నెలలూ మనవడు రెండిళ్ల మధ్యనే పెరిగాడు. ఆ తరువాత రెండేళ్లకు మా అమ్మాయి న్యూజెర్సీలో కన్నది; నేను వెళ్లి ఐదు నెలలు అక్కడ ఉండి వచ్చాను. రెండు చోట్లా బిడ్డకు నీళ్లు పోసినదానిని కాబట్టి, నాకు తెలిసినంతవరకు రెండు వైపులా చెబుతాను.

అందరూ ముందుగా భయపడేది భాష గురించి. మన ఊరివాళ్లు ఆ భయం పెట్టుకోవడం నాకు వింతగా ఉంటుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, మందుల చీటీ మీద ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య మనం పిల్లలను పెంచుకుంటూనే ఉన్నాం. బిడ్డకు విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయో నర్సుకు ఒడియాలో చెప్పి, ఇంటికి వచ్చి అత్తగారికి తెలుగులో చెప్పడం మనకు అలవాటే. పైగా అమెరికాలో ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు అడిగినవారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని అక్కడి చట్టం చెబుతుంది. ఫోనులోనే తెలుగు దుబాసీ దొరుకుతారు, మొహమాటపడకుండా అడగాలి, అంతే. ఇక ఖర్చు మాట. అది ఇన్సూరెన్సును బట్టి ఇంటింటికీ మారిపోతుంది కాబట్టి నా అనుభవం మరొకరికి కొలబద్ద కాదు.

బరంపురంలో ఉన్న సుఖం ఏమిటో దాచవలసిన పని లేదు. బాలింతకు వేళకు పథ్యం అందుతుంది, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే చేతులు నాలుగు ఉంటాయి, సాయంకాలం ఒళ్లు వెచ్చబడితే ఆ సాయంకాలమే పిల్లల డాక్టరు క్లినిక్కులో వరుసలో కూర్చోవచ్చు. అమెరికాలో అదే జ్వరానికి ముందు ఫోను చేయాలి, నర్సు అడిగిన పది ప్రశ్నలకు జవాబు చెప్పాలి, ఆమె రమ్మంటేనే వెళ్లాలి. ఆమె చెప్పే మాట చాలాసార్లు ఇంట్లోనే కనిపెట్టి ఉండమని. మొదట్లో నాకు అది నిర్లక్ష్యంగా కనిపించింది. అయితే మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం తగిలిందంటే మాత్రం వాళ్లు క్షణం ఆలస్యం చేయనివ్వరు, అర్ధరాత్రి అయినా అత్యవసర విభాగానికి వెళ్లమంటారు. ఆ వయసులో జ్వరాన్ని అలాగే చూడాలని ఇక్కడి డాక్టర్లూ చెబుతారు, కాని మనం పొద్దున్న చూద్దాంలే అనుకుంటాం.

ఇక్కడి లోటు పెద్ద జబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది. ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది, అది మనకున్న బలం. కాని గుండెలో లోపమో మరొకటో ఉందని అనుమానం కలిగితే సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని భువనేశ్వర్‌కో, 280 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికో పసిగుడ్డును తీసుకుని బయలుదేరాల్సి రావచ్చు. అమెరికాలో పుట్టిన బిడ్డకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మడమ మీద చిన్నగా గుచ్చి, నాలుగైదు నెత్తుటి చుక్కలను కాగితం మీద అద్దుకుని, థైరాయిడ్ లోపంతో సహా ముప్పైకి పైగా జబ్బులకు పరీక్ష చేస్తారు; చెవి వినికిడి పరీక్ష కూడా ఇంటికి పంపేలోపే అయిపోతుంది. ఇక్కడ ఆ నెత్తుటి పరీక్ష మనం అడిగి చేయించుకోవలసిందే. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి తొలి వారాల్లోనే మందు మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు దెబ్బతినకుండా ఉంటాయి కాబట్టి, బరంపురంలో కనేవారు ఈ ఒక్కటీ మరచిపోకూడదు. ఇల్లు చేరాక మూడో రోజునో ఐదో రోజునో అక్కడి పిల్లల డాక్టరు కామెర్లు, బరువు చూస్తారు. బారసాల నాటికే మా మనవరాలు రెండుసార్లు డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చింది. ఆ డాక్టరును కాన్పుకు ముందే ఎంచుకోవాలి; తండ్రి ఉద్యోగం తరఫు ఇన్సూరెన్సులో బిడ్డ పేరును 30 రోజుల లోపల చేర్పించాలి. ఈ రెండో పనిని వాయిదా వేసి చేతులు కాల్చుకున్నవారు నాకు తెలుసు.

ఇంతవరకు తక్కెడ దాదాపు సమంగానే తూగుతుంది. నా దృష్టిలో దాన్ని ఒకవైపుకు మొగ్గించేది బిడ్డ కాగితం, అంటే టీకాల కార్డు. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెడ్జర్లు రాసిన అలవాటు వల్ల ఇలా అంటున్నానని మా వారు వెక్కిరిస్తారు, కాని మనవడి విషయంలో జరిగింది చూశాక ఆయనే ఒప్పుకున్నారు.

వాడు మే 20న పుట్టాడు. ఆరో వారం టీకాలు జూలై 5న ప్రభుత్వం తరఫున తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం జరిపే మమతా దివస్ నాడు వేయించాం; పదో వారానివి, పద్నాలుగో వారానివి వియ్యాలవారి ఇంటికి దగ్గరలోని ప్రైవేటు క్లినిక్కులో వేయించారు. అంటే వాడికి రెండు కార్డులు తయారయ్యాయి. ప్రభుత్వ కార్డు మీద గళ్ల పేర్లు ఒడియాలో ఉన్నాయి, తేదీ 05/07 అని ఉంది. డిసెంబరులో టెక్సాస్‌లో మొదటిసారి డాక్టరుకు చూపించినప్పుడు అక్కడి నర్సు ఆ తేదీని తమ పద్ధతిలో మే 7 అని చదివి, పుట్టకముందే టీకా ఎలా వేయించారని అడిగిందట. మావాడు ఒడియా చదివినవాడు కాబట్టి పక్కన కూర్చుని వరుసగా ఇంగ్లీషులో రాసిచ్చాడు. కాని పదో వారం తేదీ ఉన్నచోట నూనె మరక పడి అంకెలు అలుక్కుపోయాయి. బిడ్డకు ఒళ్లు రుద్దుతున్న చేత్తోనే ఎవరో కార్డు తీసి చూసినట్టున్నారు, ఆ ఎవరో నేనే కావచ్చు. తేదీతో సహా రాతపూర్వకంగా లేని మోతాదును అక్కడ వేసినట్టుగా ఒప్పుకోరు. అందువల్ల వాడికి ఆ టీకాలు మళ్లీ పొడిచారు.

తేదీ స్పష్టంగా ఉన్నా ఒప్పుకోనివి మరికొన్ని ఉన్నాయి, ఇక్కడ కనే తల్లిదండ్రులు వీటిని ముందే తెలుసుకోవాలి. అమెరికాలో 2000 నుంచి పోలియోకు నోటి చుక్కలు వేయడం లేదు, ఇంజెక్షనే వేస్తారు; మన దేశంలో ఇప్పుడు వేసే చుక్కలు రెండు రకాల పోలియోకే పనిచేసేవి కాబట్టి, 2016 ఏప్రిల్ నుంచి వేసిన చుక్కలను వాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ తొమ్మిదో నెలలో ప్రభుత్వం వేసే తట్టు, రుబెల్లా టీకాలో గవదబిళ్లల మందు లేదు. అదీకాక మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకాను అక్కడ లెక్కించరు. మన పద్ధతి తప్పని దీని అర్థం కాదు. తట్టు ఎక్కువగా తిరిగేచోట తొమ్మిదో నెలలోనే కాపాడుకోవాలి, తక్కువగా ఉన్నచోట ఏడాది ఆగితే టీకా ఇంకా బాగా పట్టుకుంటుంది. రెండు దేశాల క్రమాలూ తమ తమ నేలకు తగినవే, సగం ఇదీ సగం అదీ కలిపినప్పుడే బిడ్డ ఒంటికి సూదులు ఎక్కువవుతాయి.

కాగితం లాంటిదే మందు సీసా. న్యూజెర్సీలో మనవరాలికి నాలుగో నెల టీకాలు వేసిన రాత్రి ఒళ్లు వెచ్చబడింది. మా అమ్మాయి ఫోను చేస్తే నర్సు బరువు అడిగి, రెండున్నర మిల్లీలీటర్లు వేయమంది. నేను బరంపురం నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ చుక్కల సీసా పెట్టెలోంచి తీశాను. చేతిలోని డ్రాపరు మీద గీత ఒక మిల్లీలీటరు దగ్గరే ఆగిపోయింది. రెండున్నర ఎలా పడుతుందా అని దీపం దగ్గరకు వెళ్లి సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. మన చుక్కల్లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంది. అక్కడ పసిపిల్లలకు అమ్మే సీసాలో 5 మిల్లీలీటర్లకు 160, అంటే ఒక మిల్లీలీటరుకు 32 మాత్రమే. నర్సు చెప్పిన కొలత వాళ్ల సీసాకు లెక్క. మన సీసాలోంచి అంతే పోసి ఉంటే 80 మిల్లీగ్రాములకు బదులు 250 లోపలికి పోయేవి. అసిటమినోఫెన్, పారాసిటమాల్ ఒకటే మందు కాబట్టి ఏ సీసా అయినా ఒకటే అనుకున్న తెలివి నాది. ఆ రాత్రే ఆ సీసాను సింకులో ఒంపేశాను. ఏ ఊరి డాక్టరు కొలత చెబితే ఆ ఊరి సీసాలోంచే వేయాలి, కొలత మిల్లీగ్రాముల్లో అడిగి రాసుకుంటే ఇంకా మంచిది.

కనుక నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది. బిడ్డ ఏ ఊళ్లో పెరగబోతుందో ఆ ఊరి డాక్టరు దగ్గరే మొదటి కాగితం మొదలు కావాలి. అమ్మమ్మో నానమ్మో అక్కడికి వెళ్లడం, బిడ్డను ఇక్కడికి రప్పించడం కంటే మేలు. వెళ్లేవాళ్లు కోరింతదగ్గు టీకా, ఫ్లూ టీకా బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. పెట్టెలో ఇంటి కాటుక పెట్టుకోకండి. కాటుకలో సీసం ఉండవచ్చని అక్కడి డాక్టర్లు గట్టిగా వద్దంటారు. మా మనవరాలికి బుగ్గచుక్క పెట్టలేదని నాకు కొన్నాళ్లు మనసు బాగుండలేదు, దిష్టి మాత్రం తగల్లేదు.

అలాగని ఇక్కడికి రావడమే తప్పు అనను. అక్కడ తోడు దొరకని పిల్ల, ఇన్సూరెన్సు సరిగా లేని ఇల్లు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని అల్లుడు, వీళ్లకు పుట్టిల్లే దిక్కు. అప్పుడు ఒక్క పని చేయండి. మొదటి నుంచి చివరి వరకు ఒకే చోట టీకాలు వేయించి, టీకా పేరు ఇంగ్లీషులో, నెల పేరు అక్షరాలలో రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించి, అదే రోజు ఫోటో తీసి తల్లిదండ్రులిద్దరికీ పంపండి. ప్రభుత్వ టీకాలైతే టీకాల లెక్క రాసే ప్రభుత్వ వెబ్‌సైటు యూ-విన్‌లో నమోదు చేయించండి, ధ్రువపత్రం ఫోనులోకి వస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు బిడ్డ వీసాకు భువనేశ్వర్‌లో వెతకనక్కరలేదు. ఒడిశా కూడా హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు పరిధిలోదే.

అక్కడ కని, మూడు నాలుగు నెలలు కాగానే బిడ్డను ఇక్కడ తాతగారి దగ్గర వదిలి వెళ్లే మూడో దారి ఒకటుంది. ఉద్యోగాల కోసం తప్పక చేసేవారిని నేను తప్పుపట్టను, కాని వైద్యం మాటకొస్తే మూడింటిలోనూ చిక్కు ఎక్కువ దీనికే. బిడ్డ భుజాన క్షయ టీకా మచ్చ ఉండదు, ఎందుకంటే అమెరికాలో ఆ టీకా అందరికీ వేయరు. ఇక్కడ ఏడాది లోపు వేయించవచ్చు, వేయిస్తే ఆ తేదీ భద్రంగా దాచాలి, లేకపోతే రేపు అక్కడి చర్మపరీక్షలో క్షయ ఉన్నట్టు కనిపిస్తే అది టీకా వల్ల కావచ్చని నమ్మించడం కష్టం. తాతామామ్మలకు వైద్యం చేయించే అధికారం ఇస్తూ తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన ఉత్తరం ఒకటి ఇంట్లో ఉండాలి.

అక్కడ ఉంటూ ఇక్కడి డాక్టరుకు ఫోనులో చూపించడాన్ని వైద్యంగా నేను లెక్కపెట్టను. ధైర్యం కోసం మాట్లాడుకోవచ్చు, మందు మాత్రం బిడ్డను తాకి చూసినవారే రాయాలి.

అక్కడ పుట్టిన బిడ్డను ఏడాది నిండకముందే చూపించడానికి తీసుకొస్తున్నవారికి ఒక మాట. ఆరు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డ విదేశానికి బయలుదేరుతుంటే అక్కడి డాక్టర్లు ప్రయాణం కోసం తట్టు టీకా ముందుగానే ఒక మోతాదు వేస్తారు. ఇది ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. ఏడాది తరువాత వేయవలసిన రెండు మోతాదుల్లో దీన్ని కలపరు, అందువల్ల కాగితం మీద దీన్ని విడిగా రాయించుకోండి.