సైట్ జాయింట్‌కి వెల్డింగా, బోల్టులా?

మేడ మీద స్టీల్‌తో ఇంకో అంతస్తు లేపుదామనుకునేవాళ్లూ, ఒరగడం, గుమ్మిడిపూండి వైపు షెడ్లు కట్టించుకునే చిన్న ఫ్యాక్టరీ ఓనర్లూ, చెన్నైలో కొత్తగా సైట్‌లో చేరిన మన కుర్ర ఇంజినీర్లూ, అందరూ చివరికి ఇదే అడుగుతారు: కాలమ్‌కి బీమ్ కలిపేటప్పుడు అక్కడే వెల్డింగ్ చేయించాలా, బోల్టులు బిగించాలా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాయడం నయం. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. వెల్డింగ్ అంతా షాపులో, అంటే స్టీల్ ముక్కలు కోసి కలిపే వర్క్‌షాపులో కానివ్వండి, సైట్‌లో బోల్టు బిగించండి. ఈ మాట చెల్లని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతీ వస్తుంది.

సైట్ వెల్డింగ్ వైపు వాదన మీరు వినే ఉంటారు. "బోల్టంటే ఎప్పటికైనా వదులవుతుంది సార్, వెల్డింగైతే రెండు ముక్కలూ ఒకటైపోతాయి" అంటాడు కాంట్రాక్టరు. అబద్ధమేమీ కాదు. సరిగ్గా పడిన వెల్డ్ ప్లేటు కంటే ముందు తెగదు. డ్రిల్లింగ్ బాధ లేదు. కొలత కాస్త అటూఇటూ అయినా అక్కడికక్కడే సర్దుకోవచ్చు. ఒక మెషీను, ఒక జెనరేటరు, నాలుగు ప్యాకెట్ల వెల్డింగ్ రాడ్లు దిగితే పని మొదలైపోతుంది. అది సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది అన్నదే అసలు గొడవ.

కోడ్ రాసినవాళ్లకీ ఈ అనుమానం ఉంది. స్టీల్ కట్టడాలకి మన దేశపు కోడ్ ఐఎస్ 800:2007 ప్రకారం వెల్డ్‌కి భద్రతా గుణకం (బలాన్ని భాగించే అంకె) షాపులో చేస్తే 1.25, సైట్‌లో చేస్తే 1.50. బోల్టుకి ఎక్కడ బిగించినా 1.25 ఒక్కటే. అంటే అదే వెల్డరు, అదే రాడ్డు, అదే సైజు అయినా సైట్‌లో వేసినందుకు బలంలో ఆరో వంతు తగ్గించి లెక్కేయాలి. మామూలు ఈ250 గ్రేడ్ స్టీల్ ప్లేటు మీద 6 మి.మీ. ఫిల్లెట్ వెల్డ్ (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసేది) 100 మి.మీ. పొడవు వేస్తే షాపులో దాదాపు 80 కిలోన్యూటన్లు, సైట్‌లో 66. ఎం20 సైజు (20 మి.మీ. లావు), 8.8 గ్రేడ్ (బలమైన రకం) బోల్టు ఒక్కటే షియర్‌లో (అడ్డంగా కోసే బలానికి) 90 కిలోన్యూటన్ల దాకా తీసుకుంటుంది, ప్లేటు మందం, అంచు దూరం సరిపోయినప్పుడు. డ్రాయింగులో వెల్డ్ గుర్తు మీద చిన్న జెండా ఉంటే అది సైట్ వెల్డ్ అని అర్థం. జెండా పెట్టి, లెక్క మాత్రం 1.25తో చేసిన డ్రాయింగులు నా చేతికి వస్తూనే ఉంటాయి. మీ డిజైనర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

ఈ లెక్క కంటే నాకు పెద్ద విషయం తనిఖీ. "యూటీ చేయిద్దాం, డబ్బులు పోతే పోయాయి" అంటారు ఓనర్లు. యూటీ అంటే ధ్వని తరంగాలతో లోపలి లోపం వెతికే టెస్టు. అది మందపాటి బట్ వెల్డ్‌కి (ప్లేట్ల అంచులు ఎదురెదురుగా కలిపేదానికి) బాగా పనికొస్తుంది. కానీ ఇలాంటి షెడ్లలో, మేడ మీద పనుల్లో సైట్‌లో పడేవి ఎక్కువగా 6, 8 మి.మీ. ఫిల్లెట్లు. వాటి దగ్గర యూటీ నమ్మదగిన జవాబు ఇవ్వదు. రేడియోగ్రఫీకైతే (ఎక్స్-రే లాంటిది) ఆ మూలలో ఫిల్మ్ సరిగ్గా కూర్చోదు. ఇక మిగిలేవి డీపీ (రంగు ద్రవం పూసి చూసేది), ఎంపీఐ (అయస్కాంతం, ఇనుప పొడితో చూసేది). డీపీ పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తుంది. ఎంపీఐ ఉపరితలమూ, దాని కింద కొద్దిపాటి లోతూ చూపిస్తుంది. లోపల మూల దాకా లోహం కరిగి కలవలేదనుకోండి, పైన బీడ్ (వెల్డ్ గీత) ముచ్చటగా ఉంటే ఈ రెండు టెస్టులూ పాస్ అయిపోతుంది.

కాబట్టి ఫిల్లెట్ నాణ్యత తేలేది రాడ్డు అంటించకముందు, అంటించాక ఆ కొన్ని నిమిషాల్లో. ముందు చూడాల్సింది ఫిట్-అప్, అంటే ముక్కలు ఒకదానికొకటి ఎలా ఆనాయన్నది. పెయింటు, తుప్పు గ్రైండ్ చేశారా? రెండు ముక్కల మధ్య సందు ఎంత? సందు 2 మి.మీ. దాటితే ఆ సందు మేరకు వెల్డ్ సైజు పెంచాలని అమెరికన్ కోడ్ ఏడబ్ల్యూఎస్ డీ1.1 చెప్తుంది. సైట్‌లో జరిగేది వేరు. సందులో ఒక కడ్డీ ముక్క దూర్చి పైనుంచి మూసేస్తారు. ఆ తర్వాత ఎంత పెద్ద ఇన్‌స్పెక్టరు వచ్చినా ఆయన చూసేది పైమూతనే. వెల్డింగ్ జరిగేటప్పుడు చూడాల్సినవి వెల్డర్ కరెంటు ఎంత పెట్టాడు, మొదటి పాస్ (ఒక వరస వెల్డ్) మీద స్లాగ్ (గడ్డకట్టిన పైపెచ్చు) పూర్తిగా కొట్టాడా లేదా అన్నవి. ఇవన్నీ పక్కన నిలబడితేనే కనబడతాయి.

షాపులో జాబ్‌ని తిప్పి వెల్డర్ ముందు పెడతారు. అంబత్తూరులోనో గిండీలోనో ఏ షాపుకి వెళ్లినా నడుచుకుంటూ వెళ్లి ఏ పాస్ కావాలంటే ఆ పాస్ చూడొచ్చు. సైట్‌లో అదే జాయింట్ 8 మీటర్ల ఎత్తున ఉంటుంది. వెల్డర్ బెల్టు తగిలించుకుని, ఒక చేత్తో పట్టుకుని, కింది ఫ్లాంజ్‌కి ఓవర్‌హెడ్‌లో, అంటే తలెత్తి కింది వైపు నుంచి, వేస్తుంటాడు. వెల్డర్ సర్టిఫికెట్ కూడా పొజిషన్‌ని బట్టే ఉంటుంది. ఫ్లాట్‌లో పాసైనవాడికి ఓవర్‌హెడ్ చెల్లదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనవాళ్లలో ఓవర్‌హెడ్ అద్భుతంగా వేసేవాళ్లున్నారు, నేను పని చూసి చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ప్రతి జాయింట్‌కీ, ప్రతి పాస్‌కీ నిచ్చెనెక్కి చూసే క్యూసీ (నాణ్యత తనిఖీ) మనిషిని మాత్రం నేను చూడలేదు. నేనూ అన్నిటికీ ఎక్కను.

బోల్టు విషయంలో ఈ దాపరికం లేదు. తలమీద 8.8 అనీ, తయారీదారు గుర్తూ ఉందా, వాషరు ఉందా, నట్టు దాటి మర బయటికి వచ్చిందా, అంతే. హెచ్ఎస్ఎఫ్‌జీ బోల్టయితే (గట్టిగా బిగించి ప్లేట్ల మధ్య రాపిడితో పట్టు తెచ్చేది) స్పానర్‌తో గట్టిగా బిగించాక పెయింటుతో గీత గీసి, పొడవును బట్టి సగం చుట్టో అంతకంటే కాస్త ఎక్కువో తిప్పుతారు. గీత జరిగిందో లేదో దగ్గరికెళ్లి ఎవరైనా చెప్పగలరు. నెల తర్వాత అనుమానం వచ్చినా స్పానర్ పెట్టి చూడొచ్చు. తప్పయితే విప్పి మార్చొచ్చు. వెల్డ్ తప్పయితే గ్రైండింగ్, గౌజింగ్ (వెల్డ్‌ని తవ్వి తీసేయడం), మళ్లీ అదే ఎత్తులో అదే పని.

చెన్నై గాలి సంగతి వేరే చెప్పాలి. లో-హైడ్రోజన్ రాడ్డు 7018 పైపూత తేమ పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డ్‌లోకి చేరి, వెల్డ్ చల్లారాక, ఒక్కోసారి గంటలు గడిచాక పగులు తెస్తుంది. మందపాటి, బలమైన స్టీల్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వానాకాలంలో డబ్బాలోంచి తీసిన అప్పడం లాంటిదే ఇదీ. అప్పడమైతే చేతికి మెత్తగా తగులుతుంది, రాడ్డు తగలదు. అందుకే సీలు విప్పాక 120 డిగ్రీలకు తగ్గని ఓవెన్‌లో ఉంచాలి. బయటికి తీస్తే మామూలు 7018కి 4 గంటలే గడువు. ఆపైన మళ్లీ 260 డిగ్రీల పైన బేకింగ్ చేయాలి. పెద్ద ప్రాజెక్టుల్లో వెల్డర్ నడుముకో పక్కనో పోర్టబుల్ ఓవెన్ ఉంటుంది, ప్లగ్ పెట్టి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. చిన్న సైట్లలో విప్పిన ప్యాకెట్టు ఇసుక మీద పడి ఉంటుంది. సగం చోట్ల అసలు 7018 రాదు, ఆర్కు తేలిగ్గా అంటుకుంటుందని అన్నిటికీ 6013 అనే మామూలు రాడ్డు వాడేస్తారు. చిన్న బ్రాకెట్లకి పర్వాలేదు, ముఖ్యమైన జాయింట్‌కి డ్రాయింగులో ఏముందో చూడండి.

సీఓటూ వెల్డింగ్ (గాలి తగలకుండా గ్యాస్ కప్పుతూ చేసేది) షాపులో హాయి. బయట వద్దు. గంటకు 8 కిలోమీటర్లు దాటిన గాలికే గ్యాస్ కవచం చెదిరిపోతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే మన దగ్గర అంతకంటే ఎక్కువే వీస్తుంది. చుట్టూ టార్పాలిన్ కడితే చేయొచ్చు.

ఎన్నూరు వైపో, ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) మీదో కట్టేవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి తట్టుకోవాలని గాల్వనైజింగ్ (జింక్ పూత) చేయించి, సైట్‌లో దానిమీద వెల్డ్ పెడితే ఆ చుట్టూ జింక్ కాలిపోతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. జింక్ పొగ పీల్చిన వెల్డర్‌కి రాత్రి చలిజ్వరం. అక్కడ గాల్వనైజ్డ్ 8.8 బోల్టు తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

బోల్టుకీ లోపాలున్నాయి, దాచను. షాపు కొలత పక్కాగా ఉండాలి. ఎం20 బోల్టుకి బెజ్జం 22 మి.మీ., అంటే సర్దుబాటుకి ఉన్నది ఆ 2 మి.మీ. మాత్రమే. ఫౌండేషన్ బోల్టులు పక్కకి జరిగితే పైన ఏ బెజ్జమూ కలవదు. అప్పుడు గ్యాస్ కట్టర్‌తో బెజ్జం పెద్దది చేస్తారు చూడండి, అది బోల్టింగ్‌లో నేను చూసిన అన్నిటికంటే చెడ్డ పని. రీమర్ (బెజ్జాన్ని నున్నగా పెద్దది చేసే పనిముట్టు) తెప్పించండి, లేదా ప్లేటు మార్చండి. బజార్లో తలమీద ఏ గుర్తూ లేని బోల్టులూ దొరుకుతాయి, వాటిని లారీ దిగకముందే వెనక్కి పంపండి. ఖర్చు చూస్తే ప్లేట్లు, డ్రిల్లింగ్ వల్ల బోల్టు జాయింట్ మొదట్లో ఎక్కువ పడుతుంది. క్రేన్ త్వరగా వదిలేస్తారు కాబట్టి కొంత తిరిగొస్తుంది.

సైట్ వెల్డింగే నయమయ్యే చోట్లు ఇవీ. పాత బిల్డింగుకి కొత్త స్టీల్ కలిపేటప్పుడు, కొలతలు కాగితం మీద ఉన్నట్టు ఉండవు కాబట్టి. గుండ్రటి పైపులతో చేసే ట్రస్సులు, కనోపీలు, జాయింట్ కనబడకూడదని ఆర్కిటెక్ట్ పట్టుబట్టే చోట. అక్కడ డబ్బు టెస్టుల మీద పెట్టడం కంటే, వెల్డింగ్ జరిగేటప్పుడు పైన నిలబడే మనిషి మీద పెట్టండి. ఫిట్-అప్ చూసి సంతకం పడకుండా రాడ్డు అంటించొద్దని ముందే కాంట్రాక్టులో రాయించండి. వెల్డరు వేయబోయే పొజిషన్‌లోనే ఒక టెస్ట్ పీస్ వేయించి, విరగ్గొట్టి లోపలి మూల చూడండి. ఓవెన్ లేకపోతే ఆ రోజు పని ఆపండి.

రివెట్ల గురించి కూడా ఒకరిద్దరు అడిగారు. కొట్టే గ్యాంగులే లేవు, వదిలేయండి.

అన్నిటికంటే ఎక్కువగా వినే బేరం ఇది: "బోల్టులు పెట్టి, సేఫ్టీకి పైన వెల్డింగ్ కూడా లాగించేద్దాం సార్, డబుల్ స్ట్రెంత్." డబుల్ కాదు. మామూలు బోల్టు బరువు పట్టుకోవాలంటే బెజ్జంలో ఆ 2 మి.మీ. కదలాలి. వెల్డ్ కదలనివ్వదు, బరువంతా తనే మోస్తుంది. వెల్డ్ తెగాకే బోల్టుకి పని పడుతుంది. కాబట్టి రెండూ పెట్టదలిస్తే మొత్తం బరువుకీ వెల్డ్ ఒక్కదాన్నే డిజైన్ చేయించండి, 1.50 గుణకంతో.