పాత బ్లూస్ కొత్తగా: పాక్స్‌టనా, స్టోన్‌కింగా?

1920, 30ల నాటి బ్లూస్‌ని, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాత పాటల బాణీని, ఇప్పటి గొంతులో వినాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? నా ఓటు జెర్రన్ పాక్స్‌టన్‌కి. పుట్టింది 1989లో, లాస్ ఏంజెలెస్‌లోనే అయినా ఇంట్లోవాళ్ల మూలాలు లూసియానావి. గిటార్, బాంజో, ఫిడిల్, హార్మోనికా, పియానో అన్నీ వాయిస్తాడు. గిటార్ పట్టాడంటే బొటనవేలు మంద్రస్థాయి తీగల మీద తాళం తప్పకుండా నడుస్తుంది, మిగతా వేళ్లు పాట పలికిస్తాయి. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది! 2024 ఆల్బమ్‌లో పాటలన్నీ సొంతంగా రాసుకున్నవే.

సి.డబ్ల్యూ. స్టోన్‌కింగ్ ఆస్ట్రేలియాలో పుట్టిన తెల్లవాడు. 2008లో వచ్చిన 'జంగిల్ బ్లూస్' ఆల్బమ్‌లో ఇత్తడి బాకాల హంగు ఉంది. కథలల్లడంలో ఘటికుడు. కానీ అమెరికా దక్షిణాది నల్లజాతి గాయకుల యాసను అంతలా పలికిస్తుంటే, నాకైతే ఒక్కోసారి వేషం కట్టినట్టుంటుంది. నలుగురూ చేరిన పార్టీలో మాత్రం ఇతన్నే పెట్టండి.