చోక్ లాగే 800, తాళం తిప్పే 800

పాత మారుతి 800 కొనేవాళ్లు ముందు అడగాల్సింది రంగు గురించి కాదు, అది కార్బ్యురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే పాత పద్ధతి) బండా, ఎంపీఎఫ్ఐ (సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్) బండా అని. రెండింటిదీ 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజినే. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిశాక ఇంజెక్షన్ వచ్చింది.

ఎంపీఎఫ్ఐ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తాళం తిప్పి, పెట్రోలు పంపు రొద వినిపించే రెండు సెకన్లు ఆగి స్టార్ట్ చేయడమే.

కార్బ్యురేటర్ బండికి మాత్రం పొద్దున్నే మర్యాదలు చేయాలి. చోక్ (ఇంజిన్‌కి వెళ్లే గాలి తగ్గించే నాబ్) పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ అందుకోగానే చోక్ సగం లోపలికి, ఒకట్రెండు నిమిషాలకి పూర్తిగా నెట్టేయాలి. మర్చిపోతే ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోలు తాగేస్తుంది. (మొదటి నెల నేను మర్చిపోని రోజు లేదు.) వారం కదపకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె ఆవిరై ఖాళీ అవుతుంది. అది నిండేదాకా మధ్యమధ్య ఆపుతూ సెల్ఫ్ కొట్టాలి. మే నెల ఎండలో ఇంకో తంటా. వేడి ఇంజిన్ ఆపి పది నిమిషాలకి మళ్లీ కొడితే ఒక్కోసారి మొండికేస్తుంది. అప్పుడు చోక్ జోలికి పోవద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి కొట్టాలి.

దారిలో ఆగిపోతే లెక్క తిరగబడుతుంది. కార్బ్యురేటర్ జెట్‌లో (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రంలో) చెత్త ఇరికితే విప్పి గాలి కొడితే చాలు, పాత మెకానిక్‌కి అది పావుగంట పని. ఎంపీఎఫ్ఐలో సెన్సర్ పోతే స్కానర్ ఉన్న షెడ్డు వెతకాలి.

రోజూ ఆఫీసుకైతే ఎంపీఎఫ్ఐ తీసుకోండి. ఆదివారం సరదాకైతే నా ఓటు చోక్‌కే. ఏదైనా చాలావరకు 15 ఏళ్లు దాటినవే, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.