పాట వస్తుంది, చార్జింగ్ ఎక్కదు

తిరుపతిలో మా పూజగది పక్కనున్న చెక్క స్టాండు మీద ఈ ఐపాడ్ స్పీకర్ డాక్ (ఆపిల్ వారి పాటల ప్లేయర్ ఐపాడ్‌ను కూర్చోబెట్టి వినే స్పీకరు) 2007 నుంచి ఉంది. వాట్లు, బేస్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను; నేను చెప్పదలచిందల్లా దాని నడుమ నిలబడి ఉండే 30 పిన్నుల కనెక్టరు గురించే.

తొలి రెండేళ్లూ దాన్ని పొగడని రోజు లేదు. మా 30 జీబీ ఐపాడ్‌ను అందులో కూర్చోబెడితే పాటా వచ్చేది, చార్జింగూ ఎక్కేది. ధ్వని ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి కాక ప్లేయర్ వాల్యూమ్‌తో నిమిత్తం లేని లైన్ అవుట్ పిన్నుల గుండా వచ్చేది కనుక ప్లేయర్‌లో వాల్యూమ్ ఎంత ఉందన్న చింత ఉండేది కాదు. చూపు మందగించిన మా నాయన సైతం తెల్లవారుజామున తడుముకుంటూ వచ్చి, ఐపాడ్ మీది చక్రం అడుగు అంచున ఉండే ప్లే బటన్ మీద వేలు నొక్కి కీర్తనలు పెట్టుకునేవారు.

2009లో నాలుగో తరం నానో (చిన్న ఐపాడ్) కొన్నాను. డాక్‌లో పెట్టగానే పాట చక్కగా పలికింది. మర్నాడు ఉదయం కీర్తన చరణం మధ్యలో ఆగిపోయింది. రాత్రంతా డాక్ మీదే ఉన్నా బ్యాటరీ ఖాళీ. గాంధీ రోడ్డులో ఒక దుకాణానికి వెళితే, "ప్లేయర్‌లోనే ఫాల్ట్ సార్" అని తేల్చేశారు. నమ్మబుద్ధి కాక మరునాడు డాక్‌నే స్కూటరు మీద పెట్టుకుని తీసుకుపోయాను. వాళ్ల దగ్గరున్న మరో నానోకూ చార్జింగ్ ఎక్కలేదు, నా పాత ఐపాడ్‌కు మాత్రం వెంటనే ఎక్కింది.

ఫాల్ట్ రెండింటిలోనూ లేదని ఆ తర్వాత తెలిసింది. మా డాక్ ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటిదే, పాత కేబుల్ పద్ధతి) పిన్నుల మీద 12 వోల్టులు ఇస్తుంది. 2008లో వచ్చిన నానో, టచ్ ఐపాడ్‌లు యూఎస్‌బీ పిన్నుల మీద వచ్చే 5 వోల్టులనే తీసుకుంటాయి. ధ్వని పిన్నులు మారలేదు గనుక పాట వస్తుంది, కరెంటు మాత్రం అందదు. డాక్ కనెక్టరున్న ఐపాడ్‌లన్నిటికీ పనికొస్తుందని అట్టపెట్టె మీద ఉన్న మాట, అచ్చయిన నాటికి అబద్ధం కాదు లెండి.

వోల్టేజిని మార్చే చిన్న అడాప్టరు నడుమ తగిలిస్తే చార్జింగ్ ఎక్కింది గానీ, నానో అంగుళం పైకి లేచి, మోడలుకొకటి చొప్పున వచ్చే ప్లాస్టిక్ అచ్చు పట్టు తప్పింది. నాయన చెయ్యి తగిలి ఒకసారి కింద పడి మూల సొట్టపోయింది. అప్పటినుంచి మా ఆవిడ కుట్టిచ్చిన చిన్న గుడ్డ దిండు దాని వీపుకు ఆనించి పెడుతున్నాము. తడుముకుంటూ పెట్టుకోవచ్చని పైన అన్నది, కాబట్టి, పాత ఐపాడ్ విషయంలోనే నిజం.

2012లో ఈ 30 పిన్నులదానికి బదులు లైట్నింగ్ అనే చిన్న కనెక్టరు వచ్చాక కొత్తవి ఇందులో కూర్చోనే కూర్చోవు. వెనకనున్న ఆక్స్ రంధ్రానికి వైరు కలిపి మా అబ్బాయి ఫోను పాటలు వింటాడు. ఆ మాత్రానికి డాకే ఎందుకని వాడి ప్రశ్న. ఇంట్లో పాత ఐపాడ్ లేనివారికి నా జవాబూ అదే. మాకు మాత్రం ఆ 30 జీబీది బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, ఈ డాక్ మీద ఉన్నంతసేపే పలుకుతుంది. నాయన కీర్తనలన్నీ అందులోనే ఉన్నాయి.