ట్రెసిబా ఇన్సులిన్ పెన్: మా అమ్మకి ఎలా పనిచేస్తోందంటే

డాక్టరు గారు అమ్మకి పాత ఇన్సులిన్ మార్చి ట్రెసిబా రాశారు, మందు మాత్రం సూపర్, 5కి 4 ఇస్తా.

పాతది రెండు పూటలా పొడుచుకోవాల్సొచ్చేది, పైగా తెల్లారుజామున చెమటలు పట్టేసి లో షుగర్, పంచదార నీళ్లు పట్టుకుని పరిగెత్తడమే. ఇది రాత్రి ఒక్కసారే. నేను పరవాడ ఫార్మాసిటీలో చేస్తాను కాబట్టి ఇది పనిచేసే పద్ధతి భలే నచ్చింది, కాస్త ఓపిక పట్టండి. ఈ ఇన్సులిన్‌కి 16 కార్బన్ల ఫ్యాటీ యాసిడ్ తోక ఒకటి తగిలించారు. పెన్నులో ఉన్నంతసేపు ఫినాల్, జింక్ వల్ల చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది, చర్మం కిందకెళ్లాక ఫినాల్ పోతుంది, అప్పుడా తోకల వల్ల గుంపులన్నీ ఒకదానికొకటి తగులుకుని పోర్టులో గూడ్స్ బండిలాగ పొడుగ్గా తయారవుతాయి. జింక్ మెల్లగా వదిలేకొద్దీ చివర్ల నుంచి ఇన్సులిన్ కొంచెం కొంచెంగా ఊడి రక్తంలోకొస్తుంది, అక్కడా అదే తోకతో రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని తిరుగుతుంది. అందుకే 42 గంటలు దాటినా పనిచేస్తూనే ఉంటుంది. లెవెమిర్ అనే ఇంకో ఇన్సులిన్‌లో 14 కార్బన్ల తోక, ఇప్పుడందరూ అడుగుతున్న షుగర్, బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్‌లో 18, ఐడియా అదే.

"కొవ్వు కలిపారంట కదా, కొలెస్ట్రాల్ రాదా" అని మా పిన్ని ఒకటే గోల. అణువుకి ఒక్క తోక, అంతే, ముందు నువ్వు బీచ్‌రోడ్డులో తినే బజ్జీల సంగతి చూసుకో పిన్నీ అన్నాను.

2017లో డివోట్ ట్రయల్లో 7,637 మంది మీద గ్లార్జిన్ అనే ఇంకో ఇన్సులిన్‌తో పోల్చి చూస్తే తీవ్రమైన లో షుగర్లు 40 శాతం తక్కువ. అమ్మకి కూడా ఆ తెల్లారుజాము చెమటలు లేవిప్పుడు. సింహాచలం వెళ్లి బాగా లేటుగా వచ్చి ఓసారి డోసు మర్చిపోయి పడుకుంది, పొద్దున్నే వేసుకుంది, మళ్లీ రాత్రి మామూలు టైముకే, రెండు డోసుల మధ్య 8 గంటలు గ్యాప్ ఉంటే చాలు. కానీ మొదట్లో ఫాస్టింగ్ దిగలేదని మీ అంతట మీరు యూనిట్లు పెంచేయకండి బాబూ, కుదురుకోడానికే 3, 4 రోజులు పడుతుంది.

పెన్ను బటన్ మెత్తగా ఉంది, అమ్మ వేళ్లకి హాయి, నొక్కాక 6 లెక్కపెట్టి సూది తియ్యాలి. మొదలెట్టిన పెన్ను 8 వారాలొస్తుంది, 30 డిగ్రీలు దాటకూడదు, మన వైజాగ్ మే నెలలో అది ఫ్రిజ్‌లోనే కుదురుతుంది.

ఒక స్టార్ కోసింది పెన్ను మీద కోపంతో కాదు. మహారాణిపేటలో ఒక మెడికల్ షాపువాడు ఇంత ఖరీదైన మందుని ఐస్‌ప్యాక్ లేకుండా ఉత్త కవర్లో పడేసి ఎర్రటి ఎండలో చేతికిచ్చాడు, అడిగితే "ఏం కాదు మేడం" అంట, తీసుకోకుండా వచ్చేశా. పైగా సూదులు పెన్నుతో రావు, విడిగా కొనాలి, అది ఇంటికెళ్లాకే తెలిసేది మనకి.