మా స్విఫ్ట్ రేసు కారు బ్రేకులు: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

గంటల తరబడి సాగే రేసులో ఇంజను కాస్త బలహీనంగా ఉన్నా నెట్టుకురావచ్చు. బ్రేకులు అంతంతమాత్రంగా ఉంటే మాత్రం అరగంటకే పని అయిపోతుంది. బరంపురంలో మాది స్పాన్సర్లు లేని జట్టు. అందరం ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునేవాళ్లమే, జీతంలో మిగిలింది కారు మీద పెడతాం. కారు మొదటి తరం స్విఫ్ట్, 2005లో మన దేశంలోకి వచ్చిన మోడలు. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, ఏబీఎస్ (ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు. ముందు చక్రాలకు మధ్యలో గాలి సందులున్న డిస్కులు, వెనక డ్రమ్ములు. కాలిపర్లూ (ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగాలు) డిస్కులూ ఇవాళ్టికీ కంపెనీ సైజువే. మేం మార్చిందల్లా బ్రేక్ ఆయిలు, ప్యాడ్లు, డిస్కుకు గాలి అందే దారి. పెద్ద కాలిపర్ కిట్ కొనాలని డబ్బు కూడబెడుతున్నవాళ్లు ముందు ఈ పనులు చేసి చూడండి. ఆ కిట్ అవసరమే రాకపోవచ్చు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. లోపలి సీట్లు పీకేసి, రోల్ కేజ్ (బండి పల్టీ కొడితే డ్రైవరును కాపాడే ఇనుప పంజరం) బిగించి, డ్రైవరుతో, పెట్రోలుతో కలిపితే మా బండి 1,100 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగం నుంచి 60కి దింపితే వేగం సగమే తగ్గినట్టు కనిపిస్తుంది గానీ శక్తిలో నాలుగింట మూడు వంతులు బ్రేకుల్లోకి పోతుంది. అది సుమారు 460 కిలోజౌల్స్. ఒకటిన్నర లీటర్ల చల్లనీళ్లు మరిగేంత వేడి. ముందు ఇంజనున్న బండి కాబట్టి అందులో ఎక్కువ భాగం ముందు డిస్కులు రెండే మోయాలి, అదీ కొద్ది సెకన్లలో. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు 3.717 కిలోమీటర్లు. ఒక్కో ల్యాపులో ఇలాంటి తొక్కుళ్లు ఎన్నో. ఒకసారి ఆపడానికి కంపెనీ డిస్కు బాగానే సరిపోతుంది. చల్లారేలోపే మళ్లీ తొక్కాల్సి రావడంతోనే తంటా అంతా.

మాకు మొట్టమొదట చేతులెత్తేసింది బ్రేక్ ఆయిలు. బండి నడుపుతున్న తమ్ముడు పిట్‌లోకి (ట్రాకు పక్కన బండ్లు ఆపి పని చేసుకునే చోటికి) వచ్చి హెల్మెట్ తీయకుండానే అన్నాడు: "అన్నా, పెడలు మెత్తబడిపోతన్నాది. రెండుసార్లు కొడితే గానీ పట్టట్లేదు." ఆ ఒక్క మాటతో జబ్బు తెలిసిపోతుంది. పెడలు స్పాంజిలా లోపలికి పోతోందంటే ఆయిలు మరిగి పైపుల్లో ఆవిరి చేరింది. పెడలు గట్టిగానే ఉండి బండి ఆగట్లేదంటే ప్యాడ్లు కాలాయి. రెండింటికీ మందు వేరు. ఈ తేడా కనిపెట్టకుండా ప్యాడ్లు మార్చుకుంటూ డబ్బు తగలేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

డాట్ 3 గ్రేడు బ్రేక్ ఆయిలుకు ప్రమాణం ప్రకారం కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు, డాట్ 4కి 230. ఇవి సీలు విప్పని సీసా లెక్కలు. ఈ ఆయిళ్లు గ్లైకాల్ జాతివి, గాలిలో తేమను పీల్చుకుంటాయి. 3.7 శాతం నీరు చేరాక డాట్ 4 ఆయిలు 155 డిగ్రీలకే మరగొచ్చు, డాట్ 3 అయితే 140కే. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రావణ మాసంలో ఇక్కడ ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి నీరు కారుతుంది. ఆ గాలిలో సగం వాడిన బ్రేక్ ఆయిలు సీసాను షెడ్డులో దాచుకుంటే దండగే. మేం ఇప్పుడు మరుగు స్థానం 300 డిగ్రీలు దాటిన రేసింగ్ ఆయిలు వాడుతున్నాం. ధర మామూలు దానికి చాలా రెట్లు. అయినా మొత్తం మార్పుల్లో పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. చిన్న సీసాలే కొంటాం, మిగిలింది రేసుకు వాడం. డాట్ 5 అని అమ్మే సిలికాన్ ఆయిలు జోలికి మాత్రం పోకండి, అది వీటితో కలవదు. డాట్ 5.1 సంగతి వేరు, అది గ్లైకాల్ జాతిదే.

ప్రతి రేసుకూ ముందు రోజు బ్రేకు పైపుల్లోంచి గాలి తీస్తాం. ఆయిలు బయటికి వదిలే నిపుల్‌కు పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తొడిగి, ఒకరు పెడలు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు స్పానర్ తిప్పుతారు. ముందు నల్లబడిన ఆయిలు వస్తుంది, వెనకే ఆవగింజంత బుడగలు, ఆ తర్వాత లేత పసుపు ధార. ఆ ధార ఎక్కడా తెగకుండా వచ్చేదాకా చూస్తాం. స్టీలు తీగ అల్లిన హోసు పైపులు కూడా వేశాం. పెడలు కాస్త గట్టిగా అనిపిస్తుంది, అంతే. వాటివల్ల బ్రేకులు చల్లగా ఉంటాయనుకోవద్దు.

ప్యాడ్ల దగ్గర నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. రోడ్డు మీద సుఖంగా ఉండే ప్యాడు ట్రాకు మీద పనికిరాదు. "స్పోర్ట్స్" అని డబ్బా మీద రాసున్న ఒక రకం కొన్నాం. కొద్ది ల్యాపులకే అంచులు పెళుసెక్కి రాలిపోయాయి. ఇప్పుడు వాడుతున్న ట్రాకు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, కీచుమంటాయి, రిమ్ములన్నీ నల్ల పొడి చేస్తాయి. వేడెక్కాక మాత్రం మొదటి ల్యాపు నుంచి చివరి ల్యాపు దాకా పెడలు ఒకే తీరున ఉంటుంది. గంటల రేసులో డ్రైవరుకు కావలసింది అదే. కొత్త జత వేస్తే ట్రాకు మీదే, మెల్లగా పెంచుకుంటూ కొన్ని గట్టి తొక్కుళ్లు తొక్కి, పూర్తిగా ఆపకుండా ఒక ల్యాపు చల్లార్చాలి. ఈ పని ఊరి రోడ్ల మీద చేయకూడదు.

గాలి దారికి పెద్దగా ఖర్చు కాలేదు. ఫాగ్ ల్యాంపుల గుంటలు ఖాళీ చేసి, అక్కడి నుంచి తీగ చుట్టలున్న సిలికాన్ పైపును డిస్కు వెనక వైపుకు తెచ్చాం. మామూలు పీవీసీ పైపు ఆ వేడికి ఆగదు. గాలి డిస్కు ముఖానికి కొడితే లాభం తక్కువ. లోపలి వైపు మధ్య రంధ్రం దగ్గర వదిలితే తిరిగే డిస్కే దాన్ని సందుల గుండా లాక్కుని బయటికి చిమ్ముతుంది. ఫలితం కొలవడానికి డిస్కు అంచుకు వేడి చూపే రంగులు పూశాం: ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. పైపుకు ముందు మూడూ రంగు మారేవి. పైపు పెట్టాక ఎరుపు ఎరుపుగానే ఉంటోంది. వాన పడితే గుంటలకు సగం టేపు వేస్తాం, లేకపోతే ప్యాడ్లు పని చేసేంత వేడెక్కవు. బంపరు కోసే ముందు మీ రేసు తరగతి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి.

అందరూ మరిచేది కాలిపర్ స్లైడ్ పిన్నులు, అంటే కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఆధారమైన కడ్డీలు. ఒకసారి చక్రం విప్పి చూస్తే లోపలి ప్యాడు దాదాపు రేకు దాకా అరిగిపోయింది, బయటిది సగం కూడా అరగలేదు. వేడికి రబ్బరు బూటు పగిలి, ఉప్పు గాలి దూరి, పిన్ను తుప్పుతో బిగుసుకుంది. ఇప్పుడు ఆయిలు మార్చినప్పుడల్లా పిన్నులు బయటికి తీసి, తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి, చేత్తో జారుతున్నాయని చూశాకే బిగిస్తాం. మామూలు గ్రీజు రాస్తే బూట్లు ఉబ్బిపోతాయి.

వెనక డ్రమ్ముల్ని అలాగే ఉంచాం. డిస్కులకు మార్చమని సలహాలు చాలా వచ్చాయి. వెనక పట్టు పెరిగి ముందు చక్రాల కంటే ముందే వెనకవి తిరగకుండా బిగుసుకుపోతే బండి గిర్రున తిరుగుతుంది. ఏబీఎస్ లేని బండికి ఆ సాహసం వద్దు.

డ్రైవర్లకు ఒకటే చెబుతాం: గట్టిగా తొక్కు, త్వరగా వదులు. తప్తపాణి ఘాట్ దిగే లారీ డ్రైవర్లు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగుతారు, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచరు. ఊరుకే ఆనించిన కాలే ఎక్కువ వేడి పుట్టిస్తుందని వాళ్లకు తెలుసు. పిట్‌లోకి వచ్చే ల్యాపు నెమ్మదిగా, బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ రావాలి. బండి ఆగాక పెడలు మీద కాలు ఉంచకూడదు, వెనక డ్రమ్ములూ వేడిగానే ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేకూ లాగకూడదు. ఎర్రగా కాలిన డిస్కును ప్యాడు ఒకేచోట పట్టుకుని ఉంటే దాని పదార్థం అక్కడే అంటుకుంటుంది. తర్వాత స్టీరింగ్ అదురుతుంది, డిస్కు వంగిపోయిందనుకుని లేతుకు పంపుతారు. అందుకే మా పిట్‌లో ఇద్దరు కుర్రాళ్లు చెక్క దిమ్మెలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. బండి ఆగీ ఆగగానే చక్రాల కింద పెడతారు. ఒకడు "వదిలెయ్ బావా!" అని కేకేస్తేనే డ్రైవరు కాలు తీస్తాడు.

ఇంత చేసినా డిస్కులు శాశ్వతం కావు. ప్యాడు రాసే ముఖం మీద వెంట్రుకవాసి పగుళ్లు మామూలే. పగులు అంచు దాకా వచ్చిందంటే ఆ డిస్కును పారేయాల్సిందే, ఎంత మందం మిగిలి ఉన్నా సరే. చెన్నై వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి ఒక జత కొత్త డిస్కులు, రెండు జతల ప్యాడ్లు, రాగి వాషర్లు ఎప్పుడూ డిక్కీలో ఉంటాయి. కంపెనీ సైజు ఉంచుకోవడంలో మాకు దక్కిన పెద్ద లాభం కూడా అదే. అవి అయిపోతే దారిలో విశాఖలోనో విజయవాడలోనో ఏ స్పేర్ పార్ట్స్ దుకాణంలో అడిగినా దొరుకుతాయి.