ఫోటో వెళ్లిందో లేదో ఇద్దరికీ తెలియాలి: ఎయిర్‌డ్రాప్‌పై నా సమీక్ష

మాది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు. ఐప్యాడ్ కస్టమర్ల చేతికే ఇచ్చేస్తాం, ఫోటోలు వాళ్లే చూసి ఎంచుకుంటారు. నచ్చినవి అప్పటికప్పుడే తమ ఫోన్లో కావాలంటారు. ఇందుకు కొన్నేళ్లుగా ఎయిర్‌డ్రాప్ వాడుతున్నాను, అంటే దగ్గరలోని ఆపిల్ పరికరాల మధ్య వైరు లేకుండా ఫోటోలు పంపే సదుపాయం. దాని స్పీడు గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ఫోటో అటు వెళ్తున్నప్పుడు రెండు స్క్రీన్ల మీద ఏం కనిపిస్తుందన్నదే చూస్తాను.

షేర్ నొక్కి అవతలివాళ్ల పేరుతో ఉన్న గుండ్రటి బొమ్మ తాకగానే దాని చుట్టూ ఓ నీలం గీత మొదలవుతుంది. ఫోటో వెళ్తున్నకొద్దీ గీత గుండ్రంగా నిండుతుంది. అటు ఫోన్లో అదే ఫోటో చిన్నగా కనిపించి, తీసుకుంటారా వద్దా అని అడుగుతుంది. ఒప్పుకుంటే నేరుగా గ్యాలరీలో తెరుచుకుంటుంది. పెళ్లికూతురి అమ్మమ్మలు "బాబూ, వెళ్లిందా?" అని నన్నడగడం మానేశారు. ఇంగ్లీషు రాకపోయినా ఆ గీత నిండితే పనైపోయినట్టేనని వాళ్లకు అర్థమైపోయింది. నా దృష్టిలో ఇంతకు మించిన మార్కు లేదు.

మధ్యలో కొన్నాళ్లు వేరే షేరింగ్ యాప్ ఒకటి వాడి చూశాను. పంపే వైపు నూరు శాతం చూపించేది, అందుకునే వైపు ఇంకా సేవ్ అవుతూనే ఉండేది. కస్టమర్ యాప్ మూసేస్తే సగం ఫోటోలు ఉండేవి కావు. పెళ్లివారి ముందు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1997లోనే సోనీ పరిశోధకుడు జున్ రెకిమోతో 'పిక్ అండ్ డ్రాప్' చూపించారు. ఒక స్క్రీన్ మీది వస్తువును పెన్నుతో తీసుకుని ఇంకో స్క్రీన్ దగ్గరకు తెస్తే, వదలకముందే దాని నీడ అక్కడ పడేది. చేరబోయే చోట ముందే కనిపించడం అంత ముఖ్యమన్నమాట! ఎయిర్‌డ్రాప్‌లో వచ్చే చిన్న ప్రివ్యూ ఆ పనే చేస్తోంది.

2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో రెండు ఐఫోన్ల పైఅంచులు దగ్గరపెట్టి పంపే పద్ధతి వచ్చింది. ఫోన్లు కలిసినచోట వెలుగు అలలా పాకుతుంది. పక్కనున్న పిల్లలు మళ్లీ చేయమంటారు. చూడముచ్చటగా ఉండటమే కాదు, ఏ ఫోన్‌కి వెళ్తోందన్న అనుమానమే రాదు. ఐప్యాడ్ నుంచీ ఇలాగే పంపగలిగితే మా పని ఎంత తేలికో!

కొత్త కస్టమర్లయితే ఫోన్లో ఎయిర్‌డ్రాప్ సెట్టింగ్‌ని 'ఎవరీవన్' (కాంటాక్టుల్లో లేనివాళ్లు కూడా పంపగలిగేలా) పెట్టుకోమని చెప్పండి. అది 10 నిమిషాలే ఉంటుంది కాబట్టి ఎంపిక అంతా పూర్తయ్యాకే ఆన్ చేయించడం మేలు. ఇంకొక్కటి కావాలి నాకు: పంపేసిన ఫోటో మీద చిన్న టిక్కు. పంపడం అయ్యాక గీత పోతుంది, ఏవి ఇచ్చామో ఐప్యాడ్‌లో ఆనవాలుండదు. అందుకే ఇచ్చినవాటిని విడిగా ఒక ఆల్బమ్‌లో వేసుకుంటున్నాను.